'అంటి'యా, 'అంటీ'యా? కేకును ఎండబెట్టిన ఒక గుడిదీర్ఘం

నిద్రగన్నేరు: మూడు రోజులుగా ఒక వాక్యం బుర్రలో తిరుగుతోంది, కాస్త తేల్చిపెట్టండి. మా పిన్ని నోటుబుక్కులో ఫ్రెంచి చాక్లెట్ కేకు ఒకటి ఉంది. 200 గ్రాముల డార్క్ చాక్లెట్, అంతే వెన్న, అంతే పంచదార, 5 గుడ్లు, మైదా ఒక్కటంటే ఒక్క చెంచా. కొలతలన్నీ మామూలు వచనమే, చివరి వాక్యం మాత్రం ఎక్కడి నుంచో ఊడిపడ్డట్టు ఉంది: "పుల్లకు అంటి అంటకున్న వేళ దించాలి." ఆ 'టి' మీదే ఎప్పటిదో చాక్లెట్ మరక. గుడి అయితే కనిపిస్తోంది గానీ, దాని కొస మెలిక తిరిగి దీర్ఘం అయిందో, మరకే మెలిక తిరిగిందో వెలుతురుకు పెట్టి చూసినా తెలియలేదు. నేను 'అంటి, అంటక' అని చదువుకున్నాను. మొదట అంటుతుంది, తర్వాత అంటడం మానేస్తుంది, అప్పుడు దించాలి అన్నమాట. పుల్ల శుభ్రంగా వచ్చేదాకా 40 నిమిషాలు ఉంచాను. పైన నెర్రెలు, లోపల రంపంపొట్టు. కేకు పోతే పోయింది, ఈ మాట ఇంతకు ముందే ఎక్కడో విన్నట్టుంది. ఎవరిదైనా పద్యమా?

శకటరేఫ: అమ్మా, అది దీర్ఘమే. వచ్చీ రాని, తెలిసీ తెలియని, చూసీ చూడనట్టు. ఈ జంటల్లో దీర్ఘం ఊరికే వచ్చి కూర్చోలేదు, 'అంటియు'లోని 'యు' అరిగి అరిగి అలా మిగిలింది. రెండు పనులూ ఒకేసారి, రెండూ సగం సగం. హ్రస్వం పెట్టారా, ఒకటి ముందు ఒకటి వెనక అయిపోతుంది. మీ కేకును ఎండబెట్టింది ఓవెన్ కాదు, హ్రస్వం.

అరసున్న: మాస్టారూ, తొందరపడ్డారు. సంధి చేసి పైకి చదవండి: పుల్ల కంటి యంట కున్న వేళ. ఐదు హగణాలు, అంటే గురువు పక్కన లఘువు, చక్కగా పడ్డాయి. ఇది ఆటవెలదిలో రెండో పాదమో నాలుగోదో అయి తీరాలి, వాటిలో ఐదూ సూర్యగణాలే, అంటే హగణాలో మూడు లఘువుల నగణాలో. 'అంటీ' అంటే రెండు గురువులు, సూర్యగణం ఎలా అవుతుంది? ఛందస్సు హ్రస్వం అంటుంటే మరక సాక్ష్యం ఎందుకండీ?

శకటరేఫ: ఐదు హగణాలు సరే, యతి ఏదీ? పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి కదా. 'పు'కు 'కు' ఏ లెక్కన చెల్లుతుంది? పోనీ వాటి పక్క అక్షరాలు కలిసే ప్రాసయతి అందామన్నా 'ల్ల'కు 'న్న'. తెలుగు వచనంలో నాలుగు మాటలు వరసగా రాస్తే ఎక్కడో ఒకచోట హగణాలు పడుతూనే ఉంటాయి, యతి లేని పాదాన్ని చూపించి దీర్ఘాన్ని కొట్టేస్తే ఎలా?

మూడో పాదం: యతి నాకు దొరికింది. అక్కడ 'పుల్ల' కాదు, 'గుచ్చ'. "గుచ్చ నంటి యంటకున్న వేళ." గు, కు ఒకే వర్గం, పైగా రెండూ ఉకారాలే. ఎవరో అర్థం కావడం కోసం 'గుచ్చన్' తీసేసి 'పుల్లకు' అని మార్చారు, యతి పోయింది. క్త్వార్థక ఇత్తుకు, అంటే చేసి, చూసి లాంటి మాటల చివరి ఇకారానికి, సంధి లేదు కాబట్టి 'అంటి యంటక' కూడా నిక్షేపంగా ఉంది.

శకటరేఫ: పాఠపరిష్కరణ భలేగా ఉంది తమ్ముడూ. ఉన్నది ఒకే ఒక్క ప్రతి, దాని మీదా చాక్లెట్.

రెండో వాయి: నాకు గణాలు తెలియవు గానీ ఈ కేకు తెలుసు, అందుకని మధ్యలో వస్తున్నాను. అర్థం మాత్రం మాస్టారు చెప్పిందే. మామూలు కేకులో మైదా ఉంటుంది, అది నీళ్ళు పీల్చుకుని ఉడికి గట్టిపడాలి కాబట్టి పుల్ల పొడిగా రావాలంటారు. ఇందులో ఒక్క చెంచా మైదా ఏం నిలబెడుతుంది? నిలబెట్టేది గుడ్డు. గుడ్డు 70 డిగ్రీల దరిదాపుల్లో గట్టిపడటం మొదలుపెడుతుంది, పంచదార బాగా ఉన్నప్పుడు ఇంకాస్త పైకి వెళ్తుంది. నడుమ భాగం అక్కడికి చేరీ చేరకముందే దించేయాలి, ఎందుకంటే బయటికి తీశాక కూడా పళ్ళెంలో ఉన్న వేడి కాసేపు పని చేస్తూనే ఉంటుంది. పుల్ల పొడిగా వచ్చేదాకా ఆగారంటే అప్పటికే పని అయిపోయింది. పుల్లకు నిగనిగలాడే పచ్చిపిండి అంటితే ఇంకా కాలేదు. తడి పలుకులు రెండు మూడు అంటుకుని వస్తే దించండి. నేను 190 దగ్గర 22 నిమిషాలకే తలుపు తీస్తాను. అంచు రెండు వేళ్ళ మందాన గట్టిపడి ఉంటుంది, పళ్ళెం కదిపితే నడుమ మాత్రం వణుకుతుంది. అన్నట్టు అదే పేజీలో నీళ్ళ మాట ఏమైనా ఉందా? కరిగిన చాక్లెట్‌లో ఒక్క నీటిచుక్క పడితే మొత్తం బిగుసుకుపోతుంది, పాత పుస్తకాల్లో దానికి ఏ మాట వాడారో చూడాలని ఎప్పటి నుంచో ఉంది.

నిద్రగన్నేరు: ఉందక్కా! "తడి గరిటె పెట్టకు, ముద్ద కడుతుంది" అని ఉంది. చూశారుగా, ఆ వాక్యంలో వేళలూ లేవు, వెన్నెలలూ లేవు. అందుకే చివరి వాక్యం మీద అనుమానం.

మూడో పాదం: 'ముద్ద కడుతుంది' చక్కటి మాట. మా ఇంట్లో 'విరిగింది' అనేస్తారు, కానీ విరగడం పాల సొత్తు. అక్కడ నీళ్ళు విడిపోతాయి, ఇక్కడ నీళ్ళు వచ్చి చేరతాయి. రెంటికీ ఒకే మాట ఎలా?

పాత అట్ట: అసలు పేరు దగ్గరికి ఎవరూ వెళ్ళలేదేం? ఫ్రెంచివాళ్ళు దీన్ని 'ఫోఁదాఁ' అంటారు. కరగడం అనే క్రియ నుంచి వచ్చింది, కానీ 'కరిగిన' కాదు, 'కరుగుతున్న'. కరిగినది అయితే 'ఫోఁద్యు', ఆ పేరుతో వేరే వంటకమే ఉంది. అంటే పేరులోనే పని ఇంకా పూర్తి కాలేదు. నోట్లో పెట్టుకున్నాక జరగాల్సింది కొంత మిగిలే ఉంటుంది. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరుగుతుంది, నోరు అంతకంటే వెచ్చన, లెక్క సరిపోయింది. దీని దాయాదికి 'మి-క్యుయి' అని ఇంకో పేరు. అక్షరాలా సగం ఉడికినది. మన 'ఉడికీ ఉడకని' అన్నదే. నా సిద్ధాంతం ఏమిటంటే, ఎవరో 'మి-క్యుయి'ని తెలుగు చేయబోయి ఈ 'అంటీ అంటకున్న' దగ్గర ఆగారు. కాబట్టి దీర్ఘం.

అరసున్న: దీర్ఘం సంగతి తర్వాత. ఫోఁదాఁ! ఇన్నేళ్ళుగా అరసున్న ఎందుకు, పలకని అక్షరం రాయడం దేనికి అని నన్ను సాధించిన వాళ్ళంతా ఒకసారి లేచి నిలబడండి. ముక్కుతో పలికి మింగేసే ఆ ధ్వనిని ఇంత శుభ్రంగా ఇంకెలా రాస్తారో చూపించండి.

పాత అట్ట: 'కూలాఁ' కూడా ఉంది మీకోసం. కారుతున్నది అని అర్థం. కోస్తే లోపలి నుంచి ధారగా కారేది. 1981లో ఫ్రాన్సులోని లాగ్యోల్‌లో మిషెల్ బ్రాస్ అనే వంటవాడు చేసింది అదే. అందులో లోపలిది ఉడకని పిండి కాదండోయ్, గడ్డకట్టించిన గనాష్ (చాక్లెట్, మీగడ కలిపినది) ముద్దను పిండి మధ్యలో పెట్టి కాలుస్తారు, బయట కేకు అయ్యేసరికి లోపలి ముద్ద కరుగుతుంది. అందరూ ఈ రెంటినీ కలిపేస్తున్నారు.

మూడో పాదం: కూలాఁ, పళ్ళెంలో తిరగేస్తే కూలా! తెలుగు పేరే అయి ఉంటుంది.

అరసున్న: మాస్టారూ, ఒక మాట. దీర్ఘం 'యు' అరగడం వల్ల వచ్చిందన్నారు, ఒప్పుకున్నాను. మరి పద్యం రాసినవాడు 'అంటియు నంటక' అనే రాయాలి కదా, 'యు' ఎందుకు వదిలేశాడు? వదిలేశాడంటే వాడి ఉద్దేశం ముందూ వెనకేగా?

శకటరేఫ: 'అంటియు' భగణం, ఒక గురువూ రెండు లఘువులూ, సూర్యగణాల పాదంలో పట్టదు. ఇరుకై వదిలేసి ఉంటాడు. చేయి తిరిగినవాడు అయితే 'యు' లేకుండానూ, దీర్ఘం లేకుండానూ సగం పనిని చూపించగలడు. గజేంద్రమోక్షంలో పోతన చూపించలేదూ? లక్ష్మీదేవి వెళ్ళి విష్ణువును అడుగుదామని బయలుదేరి, అడిగినా చెప్పడేమోనని ఆగిపోయి, చివరికి "అడుగిడు నడుగిడదు." అంతే. రెండు క్రియలు పక్కపక్కన పెట్టాడు, పాదం గాలిలో ఆగిపోయింది. ఆ కందం నిండా డకారాలే, నడక తడబాటు చెవికి వినిపిస్తుంది.

మూడో పాదం: అక్కడే నాకు చిన్నప్పటి నుంచీ గొడవ. 'అడుగిడు నడుగిడదు' అంటే అడుగు వేసీ వేయనట్టా, లేక ఒక అడుగు వేసి, తర్వాతది వేయకుండా ఆగడమా? మా తెలుగు మాస్టారు రెండోదే అనేవారు. ముందు పాదాల్లో వేగంగా వెళ్ళడం, ఆగడం వరసగా వచ్చాయి కాబట్టి ఇదీ వరసేనని.

శకటరేఫ: మీ మాస్టారికి నమస్కారం, కానీ దానికి ముందే 'వెడవెడ' ఉంది. వెడనవ్వు అంటే నవ్వీ నవ్వని నవ్వు. ఆ మాట వేశాక ఇంకా పూర్తి అడుగు ఎక్కడుంటుంది?

పాత అట్ట: మి-క్యుయికి తెలుగు మాట దొరికింది. వెడకాల్పు. వెడకాల్పు కేకు. రేపటి నుంచి ఇదే వాడతాను, ఎవరూ ఆపకండి.

రెండో వాయి: నేను ఆపుతాను. వెడకాల్పు అంటే ఎవరో వెళ్ళగొట్టినట్టుంది.

మూడో పాదం: ఈలోగా నేను పద్యం పూర్తి చేశాను. పాతది దొరికేదాకా దీంతో సరిపెట్టుకోండి.

వెన్న చాకొలెట్టు వెచ్చగా గరగించి
సొనను నురుగు గొట్టి చూచి కలిపి
ఓవెనందు నుంచి యోర్పుతో దించుమా
గుచ్చ నంటి యంటకున్న వేళ

రెండో వాయి: 'చూచి కలిపి' బాగా పడింది. నిజంగా అక్కడే అందరూ పాడుచేస్తారు. కష్టపడి సొనను నురగ కొట్టి, చాక్లెట్ పోయగానే గరిటె గిరగిరా తిప్పేస్తారు, గాలి అంతా పోతుంది. అడుగు నుంచి పైకి తెచ్చి నెమ్మదిగా బోర్లించాలి, తెల్లటి చారలు ఒకటి రెండు మిగిలినా పరవాలేదు. ఆ పనికి ఇంగ్లీషును చూసి 'మడవడం' అంటున్నారు, చెవిలో ముల్లు గుచ్చినట్టుంటుంది. పిండిని మడవడమేమిటి, చీరా?

శకటరేఫ: పద్యం నడిచింది. 'కలిపి' తర్వాత 'యోవెన్' కావాలని ఒకరిద్దరు అంటారు, నేను అనను.

అరసున్న: అనకుండానే అన్నారు. కానీ చూడండి, ఇక్కడ 'ఓర్పుతో' అన్నాడు. ఓర్పు ఎందుకు? అంటడం పోయేదాకా ఆగడానికి. తమ్ముడు తెలియకుండానే నా పక్షాన రాశాడు.

మూడో పాదం: అయ్యో, అది యతి కోసం వేశానండీ, 'ఓ'కు ఇంకేం దొరకలేదు.

నిద్రగన్నేరు: నిన్న రాత్రి మళ్ళీ చేశాను. 190, 22 నిమిషాలు, అక్క చెప్పినట్టే. తలుపు తీసి పళ్ళెం కదిపితే నడుమ వణికింది, ప్రాణం ఆగలేదు, రెండు చోట్ల గుచ్చాను. అంచు దగ్గర పుల్ల శుభ్రం. నడుమ గుచ్చిన పుల్లకు తడి పలుకులు, వేలితో నలిపితే మెత్తగా పూసుకుపోయాయి. అరగంట ఆగి కోశాను. అంచు ముక్క కేకులా తెగింది, మధ్య ముక్క కత్తిని పట్టుకుని వదల్లేదు. ఇంతకీ నాకు తట్టిందేమిటంటే, నడుమ అంటి, అంచున అంటక, అప్పుడు దించాలి అని కూడా అర్థం రావచ్చు కదా? అప్పుడు హ్రస్వమైనా కేకు బాగానే వస్తుంది.

శకటరేఫ: కేకు వస్తుంది, అన్వయం రాదు. నడుమా అంచూ వాక్యంలో లేవు, మీ పళ్ళెంలో ఉన్నాయి.

అరసున్న: వెన్నలాంటి అన్వయం. నేను ఒప్పుకున్నాను.

పాత అట్ట: ఇంతమందిమి ఇన్ని రాశాం, పిన్నిగారికి ఒక్క ఫోన్ కొడితే పోయేది కదమ్మా.

నిద్రగన్నేరు: ఇప్పుడే చేశానండీ. ఆ పేజీ తన చేతిరాతే గానీ ఎవరో చెబుతుంటే గబగబా రాసుకుందట, ఆ ఎవరో ఎవరో గుర్తు లేదట. 'అంటి'యా 'అంటీ'యా అని అడిగితే, "అసలు అక్కడ 'అంటకున్న' ఎక్కడుందే? 'అంటుకున్న వేళ' కదా!" అంది. ఇన్నేళ్ళూ పుల్లకు అంటుకోగానే దించేస్తోందట. తన కేకు ఒక్కసారి కూడా ఎండలేదు.

మూడో పాదం: 'గుచ్చ నంటి యంటుకున్న వేళ'. అమ్మో. యంటు, కున్న. అదీ హగణమే. గణాలు ఇక్కడ ఏమీ చెప్పవు.

శకటరేఫ: అర్థం చెబుతుంది. అంటి అంటుకోవడం ఏమిటి, పునరుక్తి కాదూ?

అరసున్న: నొక్కి చెప్పడం అవుతుంది మాస్టారూ, పునరుక్తులన్నీ దోషాలు కావు. అమ్మాయ్, రెండో 'ట' దగ్గర కొమ్ము ఉందో లేదో దగ్గరగా ఫోటో తీసి పెట్టు.

నిద్రగన్నేరు: తీద్దామని పేజీ ముట్టుకున్నాను, చేతికి వెన్న ఉన్న సంగతి మర్చిపోయి. ఇప్పుడు చూస్తే కొమ్ము ఉండీ లేనట్టుంది.

శకటరేఫ: 'ఉండీ' అన్నారు. గమనించండి, దీర్ఘం.