కోనసీమలో సొంత గ్లైడర్: ఎగరేసే ముందు సలహా కావాలి

అమలాపురం దగ్గర మా తోటలోని షెడ్డులో ఒక్క మనిషి కూర్చునే గ్లైడర్ కడుతున్నాను. ఇంజను లేదు. రెక్కల విస్తీర్ణం 14 చదరపు మీటర్లు, నాతో కలిపి బరువు 130 కిలోలు. నా లెక్క ప్రకారం స్టాల్ వేగం, అంటే ఇంతకంటే తగ్గితే రెక్కలు గ్లైడర్‌ను మోయలేని వేగం, గంటకు సుమారు 40 కిలోమీటర్లు.

ముందు బలపరీక్ష గురించి. ఎగిరేటప్పుడు గాలి రెక్కలను పైకి నెడుతుంది కాబట్టి, వాటిని తిరగేసి బిగించి ఇసుక బస్తాలు పేర్చాలనుకుంటున్నాను. మొత్తం బరువులో రెక్కల సొంత బరువు 35 కిలోలు మినహాయిస్తే మిగిలే 95 కిలోలకు నాలుగు రెట్ల భారం 380 కిలోలు వస్తోంది. తిరగేసినప్పుడు ఆ 35 కిలోలు కూడా కిందికే లాగుతాయి కదా, అప్పుడు 345 కిలోల ఇసుక చాలునా? బస్తాలను సమానంగా పరచాలా, లేక రెక్కల మొదళ్ల దగ్గర ఎక్కువ, కొసల్లో తక్కువ పెట్టాలా? నాకు రెండోదే సబబనిపిస్తోంది.

గరిమనాభి ముందు అంచు నుంచి రెక్క వెడల్పులో 30 శాతం దగ్గర ఉంది. ముక్కులో సీసం పెట్టి 25కు తేవడం మంచిదా?

ఇక చోటు. మాకు కొండలు లేవు. దాళ్వా (రెండో పంట వరి) కోతలయ్యాక చేలు ఖాళీయే గానీ అడుగడుగునా గట్లు, చుట్టూ గాలిని చెదరగొట్టే కొబ్బరిచెట్లు. ఓడలరేవు తీరంలో, ఆటు సమయంలో తడి ఇసుక గట్టిగా ఉంటుంది. కానీ మధ్యాహ్నం సముద్రపు గాలి తీరానికి అడ్డంగా వీస్తుంది. అందుకే తెల్లవారుజామున, జీపుకు తాడు కట్టి, మీటరు ఎత్తు దాటకుండా చిన్న గెంతులతో మొదలుపెడదామనుకుంటున్నాను. తాడు ఎంత పొడవుండాలి? బిగువులో ఉన్నా విడిపోయే కొక్కెం ఎవరైనా స్వయంగా చేశారా?

అనుమతులు రాకుండా ఎగరను. 'ఎగరదులే' అని ధైర్యం చెప్పే బంధువులు ఇప్పటికే చాలినంతమంది ఉన్నారు, కాబట్టి లెక్కలు తెలిసినవారు మాట్లాడితే సంతోషం.