లాక్‌డౌన్‌లో సౌర, పవన విద్యుత్ వాటా ఎలా పెరిగింది?

ప్రశ్న (చీమకుర్తి నుంచి):
2020 మార్చి 25న లాక్‌డౌన్ మొదలయ్యాక మా ఊరి చుట్టూ క్వారీలూ, గ్రానైట్ పాలిషింగ్ ఫ్యాక్టరీలూ మూతపడి, రాత్రింబవళ్లు వినిపించే కోత మిషన్ల చప్పుడు ఆగిపోయింది. ఆ ఏప్రిల్‌లో దేశ విద్యుత్ వినియోగం అంతకుముందు ఏడాదితో పోలిస్తే సుమారు 23 శాతం తగ్గిందనీ, అయినా సౌర, పవన విద్యుత్ వాటా పెరిగిందనీ చదివాను. డిమాండ్ పడిపోతే అన్ని రకాల ఉత్పత్తీ ఒకే పాళ్లలో తగ్గాలి కదా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు (నెల్లూరు, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి):
వాటా పెరగడం వేరు, ఉత్పత్తి పెరగడం వేరు అండీ. కంచంలో అన్నం తగ్గితే ఉన్న పప్పే ఎక్కువగా కనిపిస్తుంది. సౌర, పవన విద్యుత్తుకు ఇంధన ఖర్చు లేదు. పైగా వాటికి ‘మస్ట్ రన్’ హోదా ఉంది కనుక, గ్రిడ్ భద్రతకు ముప్పు ఉంటే తప్ప వాటిని ఆపకూడదు. లాక్‌డౌన్‌లోనూ ఈ హోదా కొనసాగుతుందని కేంద్ర నూతన, పునరుత్పాదక ఇంధన మంత్రిత్వ శాఖ 2020 ఏప్రిల్ మొదట్లోనే స్పష్టం చేసింది. దాంతో కోత దాదాపు అంతా బొగ్గు మీద పడింది. బొగ్గు యూనిట్‌ను, అంటే థర్మల్ కేంద్రంలోని ఒక్కో ఉత్పత్తి యంత్రాన్ని, మాత్రం ఇష్టమొచ్చినంత తగ్గించలేము. అప్పటి కేంద్ర గ్రిడ్ నిబంధనల్లోని కనీస స్థాయి యూనిట్ సామర్థ్యంలో 55 శాతం. మన నేలటూరు థర్మల్ కేంద్రంలో ఉన్నటువంటి 800 మెగావాట్ల యూనిట్‌కు లెక్క కడితే అది 440 మెగావాట్లు. అంతకన్నా తక్కువే చాలనుకుంటే యూనిట్‌ను పూర్తిగా ఆపి, అవసరమైనప్పుడు మళ్లీ వేడెక్కించి తేవాలి.

జవాబు (ముత్తుకూరు, రొయ్యల రైతు):
మా వైపు డిమాండ్ తగ్గలేదు. రొయ్యలు కొనేవారు లేక ధర పడిపోయినా గుంటలో నీటికి గాలి అందించే ఏరియేటర్లు ఆపలేము; తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గిందంటే పంట అంతా పోతుంది. ఆ వేళకు సూర్యుడు ఉండడు. మరి రాత్రి భారం ఎవరు మోశారు?

జవాబు (నెల్లూరు, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి):
ఎక్కువగా బొగ్గే. అయితే హెచ్చుతగ్గులను సర్దడంలో జలవిద్యుత్తుకు సాటి లేదు. ఏప్రిల్ 5 రాత్రి 9 గంటలకు తొమ్మిది నిమిషాలు దీపాలు ఆర్పమని ప్రధాని పిలుపునిచ్చినప్పుడు 12,000 నుంచి 14,000 మెగావాట్లు తగ్గవచ్చని గ్రిడ్ నిర్వాహకులు అంచనా వేశారు. తగ్గింది సుమారు 32,000. ఆర్పమన్నది దీపాలనే అయినా, జనం మెయిన్ స్విచ్చే దించారేమో అనిపించే లెక్క అది! జలవిద్యుత్తును నిమిషాల్లో సుమారు 17,500 మెగావాట్లు తగ్గించి, మళ్లీ పెంచి నిలబెట్టారు.

ప్రశ్న వేసినవారు:
అంటే బొగ్గు తగ్గినంత మేరకు డిస్కంలకు (విద్యుత్ పంపిణీ సంస్థలకు) డబ్బు మిగిలినట్లేనా?

జవాబు (నెల్లూరు, విశ్రాంత విద్యుత్ ఉద్యోగి):
బొగ్గు ఖర్చు వరకే. యూనిట్ సిద్ధంగా ఉన్నంత కాలం, కరెంటు తీసుకోకపోయినా ఒప్పందం ప్రకారం స్థిర చార్జీ కట్టవలసిందే. అదే సమయంలో ఎక్కువ టారిఫ్ చెల్లించే మీ ఫ్యాక్టరీల వంటివి మూతపడి రాబడి తగ్గింది. 2020 మే నెలలో డిస్కంల కోసం కేంద్రం 90,000 కోట్ల రూపాయల రుణ సదుపాయం ప్రకటించవలసి వచ్చింది ఇందుకే.