పాపకి తేలికైన ఎయిర్ రైఫిల్: కొత్త దేశీదా, వాడిన జర్మన్‌దా?

మారతహళ్ళి_అమ్మ

అందరికీ నమస్కారం. మాది అనంతపురం, బెంగళూరులో మారతహళ్ళి దగ్గర ఉంటున్నాం. మా పాపకి పదమూడేళ్లు. వేసవి క్యాంపులో సరదాగా మొదలుపెట్టిన షూటింగ్ ఇప్పుడు దాని ప్రాణం అయిపోయింది, స్కూలు వదలగానే రేంజ్‌కి పోదాం అంటుంది. ఇన్నాళ్లూ క్లబ్ రైఫిల్‌తోనే కాలుస్తోంది కానీ దాన్ని పిల్లలందరూ మార్చి మార్చి వాడతారు, తన వంతు వచ్చేసరికి ఎవరో ఒకరు బట్ (భుజానికి ఆనే వెనక భాగం) జరిపేసి ఉంటారు, మళ్లీ తన కొలతకి సరిచేసుకునేలోపే సగం టైమ్ పోతుంది. ఇక సొంతది కొనండి అని కోచ్‌గారు కూడా అన్నారు.

పాప సన్నగా ఉంటుంది. క్లబ్ రైఫిల్ పట్టుకుని నిలబడితే కాసేపటికే నడుము లాగేస్తోంది అంటుంది. అందుకే తేలికైనదాని కోసం వెతుకుతున్నాం. మా మామగారు చిన్నప్పుడు ఊళ్లో వేట తుపాకులు చూసిన మనిషి, తుపాకీ తేలిగ్గా ఉంటేనే మంచిదమ్మా అని గట్టిగా చెప్తున్నారు. కొత్త జర్మన్ రైఫిల్ అడిగితే రెండున్నర లక్షల పైమాటే అన్నారు. మన దేశంలోనే తయారైన పీసీపీ (సిలిండర్‌లో ముందే గాలి నింపుకునే) మ్యాచ్ రైఫిల్ అందులో సగం లోపే వస్తుంది. ఇంకొకాయన తన దగ్గరున్న వాడిన జర్మన్ వాల్తర్‌ని లక్షా పాతికకి ఇస్తానంటున్నారు, ఏడేళ్ల పాతదట. మా దగ్గర ఉన్నది అన్నీ కలిపి లక్షన్నర. తేలిక చూడాలా, బ్రాండ్ చూడాలా, ధర చూడాలా తెలీక రాత్రి నిద్ర పట్టడం లేదు. లైసెన్స్ సంగతి కూడా చెప్పండి.

పది_పాయింట్_తొమ్మిది

అక్కా, ముందు లైసెన్స్ టెన్షన్ వదిలేయండి. 2016 ఆయుధ నియమాల ప్రకారం 4.5 మిల్లీమీటర్ల క్యాలిబర్, 20 జౌళ్ల లోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు, మ్యాచ్ రైఫిళ్లు దానికి చాలా కిందే ఉంటాయి. గుర్తింపు కార్డు ఇచ్చి, సీరియల్ నంబర్ వేసిన బిల్లు మాత్రం తప్పకుండా తీసుకోండి. రేంజ్‌కి తీసుకెళ్లేటప్పుడు గట్టి కేసులో పెట్టి, ఆ బిల్లు కాపీ కూడా అందులోనే ఉంచండి.

ఇక మీ మామగారి మాట. ఆయన చూసిన తుపాకీ విషయంలో ఆయన చెప్పింది నిజమే. వేటకెళ్లే మనిషి రోజంతా దాన్ని భుజాన వేసుకుని గుట్టలెక్కాలి, పేల్చేది ఒకటో రెండో సార్లు, కాబట్టి తేలిక కావాలి. అయినా అందులోనూ తేలికకి ఖరీదు ఉంది: బరువు తగ్గేకొద్దీ భుజాన్ని గట్టిగా తంతుంది, సన్న బ్యారెల్ అయితే వరసగా నాలుగు పేల్చేసరికి వేడెక్కి గురి జరగడం మొదలవుతుంది. ఎలాగూ మన దగ్గర 1972 వన్యప్రాణి చట్టంతో వేట ఆగిపోయింది. పాప ఆడేది వేరే ఆట. పది మీటర్ల దూరంలో నిలబడి, మ్యాచ్‌లో 60 షాట్లు కాల్చాలి. పది మార్కుల చుక్క వెడల్పు అర మిల్లీమీటరు, పెల్లెట్, అంటే మనం కాల్చే గుండు, దానికి తొమ్మిదింతలు. అంత చిన్న చుక్క మీద గుండె కొట్టుకోవడం కూడా గొట్టం చివర్లో తెలుస్తుంది, ఆ కదలికని కొంత ఆపేది రైఫిల్ బరువే. అందుకే పెద్దవాళ్లు నాలుగు, ఐదు కేజీలవి వాడతారు, నియమాల ప్రకారం 5.5 కేజీలు దాటకూడదు.

అలాగని బరువుది కొనమని చెప్పడం లేదు, పదమూడేళ్ల పిల్ల నడుము మీద భారం వేయకూడదు. నా అనుమానం ఏంటంటే, క్లబ్ రైఫిల్ తనకి సరిపడక నడుము లాగుతోంది. బట్ పొడుగ్గా ఉంటే పిల్ల వెనక్కి వంగి నిలబడుతుంది. ఎడమ మోచెయ్యి తుంటి ఎముక మీద ఆనకపోతే బరువంతా కండరాల మీద పడుతుంది. బరువు ముందుకి ఉన్న మూడున్నర కేజీల రైఫిల్ కంటే చేతుల మధ్యన ఉన్న నాలుగు కేజీలది తేలిగ్గా అనిపిస్తుంది, ఇది పట్టుకుని చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. అందుకే బట్ పొడవు, చెంప ఆనే చెక్క ఎత్తు, రెండూ బాగా తగ్గేది, తర్వాత పాప ఎదిగేకొద్దీ పెరిగేది చూడండి. జూనియర్ మోడళ్లు ఇందుకే చేస్తారు. డబ్బు పెట్టాల్సింది దీనికి. బ్యారెల్ బరువులు తర్వాత ఎప్పుడైనా తగిలించుకోవచ్చు.

అడయార్_నాన్న

మేం నెల్లూరు వాళ్లం, చెన్నైలో ఉంటాం, మా అబ్బాయి కూడా ఇదే ఆట. పై అన్న చెప్పిన ఫిట్టింగ్ సంగతికి నూటికి నూరు మార్కులు. కానీ వాడిన జర్మన్ అనగానే అందరూ కళ్లు మూసుకుని కొనమంటారు, నేను మాత్రం మొదటి రైఫిల్‌గా కొత్త దేశీదే కొనమంటాను. మేం ప్రెసిహోల్ అనే దేశీ కంపెనీది కొన్నాం. ఫినిషింగ్, ట్రిగ్గర్ పనితీరు జర్మన్‌తో సమానం అని నేను చెప్పను, తేడా తెలుస్తుంది. కానీ గాలి కారకుండా ఆపే ఓ-రింగ్ పోయినా, గాలి కారినా ఇక్కడే బాగు చేయిస్తాం, విడిభాగం కోసం వారాల తరబడి కాచుకుని కూర్చోం. పోటీల సీజన్‌లో రైఫిల్ మూలన పడి ఉంటే ఏ బ్రాండైతే ఏంటండీ?

పైగా రైఫిల్‌తో ఖర్చు అయిపోదు. జాకెట్, ప్యాంటు, బూట్లు, గ్లవ్ కావాలి. నడుముకి అసలు ఆసరా ఇచ్చేది ఆ బిగువైన జాకెట్టే, మీ పాప నొప్పికి సగం మందు అదే కావచ్చు. పిల్ల ఎదిగితే అది మళ్లీ మార్చాలి. పెల్లెట్లు నెలనెలా కావాలి. డబ్బాకి 500 వస్తాయి, రోజూ సాధన చేసే పిల్లకి అవి ఎన్నాళ్లు వస్తాయో మీరే లెక్కేసుకోండి. లక్షన్నరలో లక్షా పాతిక రైఫిల్‌కే పోస్తే మిగిలిన పాతికవేలతో ఇవన్నీ రావు, అప్పుడు పెల్లెట్లు ఆదా చేయమని పిల్లకి చెప్పాల్సి వస్తుంది. ఆ పరిస్థితి రానివ్వకండి.

కోరమంగళ_రేంజ్

ఒక ముఖ్యమైన సంగతి ఇద్దరూ చెప్పలేదు. పీసీపీ రైఫిల్ కింద ఉండే గాలి సిలిండర్ మీద తయారీ తేదీ చెక్కి ఉంటుంది. సాధారణంగా పదేళ్లు దాని గడువు, అది దాటితే మ్యాచ్‌లో తనిఖీ దగ్గరే ఆపేయొచ్చు. రూలు ఒక పక్కన పెట్టినా, 200 బార్ ఒత్తిడి నింపుకున్న లోహపు గొట్టం పిల్ల చెయ్యి కింద ఉంటుంది, గడువు దాటినది అసలు వద్దు. వాడిన రైఫిల్ కొనేటప్పుడు రైఫిల్ వయసుతో పాటు ఆ తేదీని కళ్లతో చూడండి. సిలిండర్ నింపి గేజ్ రీడింగ్ రాసుకుని, మర్నాడు మళ్లీ చూస్తే గాలి కారుతోందో లేదో తెలుస్తుంది. పెల్లెట్ వేగం కొలిచే క్రోనోగ్రాఫ్ ఉన్న రేంజ్‌లో వరసగా కొన్ని షాట్లు కొట్టి వేగం చూడండి, దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక్కో షాట్‌కి ఒక్కోలా ఉంటే, గాలి ఒత్తిడిని సమంగా ఉంచే రెగ్యులేటర్ సర్వీసింగ్‌కి వచ్చినట్టే. ఇవన్నీ సరిగ్గా ఉంటే మాత్రం నేను వాల్తర్ వైపే. బాగా చూసుకున్న మ్యాచ్ బ్యారెల్ చాలా ఏళ్లు వస్తుంది, తిరిగి అమ్మినా డబ్బు పెద్దగా పోదు.

మారతహళ్ళి_అమ్మ

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. కోరమంగళ గారూ, మీరు చెప్పాక సాయంత్రమే వెళ్లి చూశాను. రైఫిల్ బిల్లు ఏడేళ్లదే, సిలిండర్ మీద తేదీ చూస్తే తొమ్మిదేళ్లు దాటేసింది! అడిగితే అదేం ఫర్వాలేదమ్మా, అందరూ వాడుతున్నారు అంటున్నారాయన. బట్ మాత్రం పాపకి బాగా సరిపోయింది, పట్టుకోగానే దాని మొహం వెలిగిపోయింది. అదే నా బాధ.

కోరమంగళ_రేంజ్

ఫర్వాలేదు అనే మాట ఒప్పుకోకండి మేడమ్. కొత్త సిలిండర్ ధర ఎంతో కనుక్కుని అంత మొత్తం తగ్గించమని అడగండి. తగ్గిస్తే, క్రోనోగ్రాఫ్ పరీక్ష కూడా పాసైతే తీసుకోండి, కొత్త సిలిండర్ వచ్చాకే పాప చేతికివ్వండి. తగ్గించకపోతే అడయార్ గారి దారే మీకు సరైనది. ఆ దేశీ రైఫిల్ కూడా పాపతో పట్టించి చూడండి, పక్కన కోచ్‌గారు ఉండాలి, జాకెట్ వేసుకునే చూడాలి. బేరం కుదిరేదాకా అడ్వాన్స్ మాత్రం ఇవ్వకండి.