రైఫిల్‌కి స్కోప్ ఉన్నోడికీ లేనోడికీ కలిపి గురి పందెం ఎలా పెట్టాలి?

అన్నలూ చిన్న హెల్ప్. మా వేట బ్యాచ్‌లో సీజన్ ముందు సరదాగా గురి పందెం పెట్టుకుంటాం, కానీ ఒకడు స్కోప్ (దూరంగా ఉన్నది పెద్దగా చూపించే గొట్టం) పెట్టిన పాయింట్ టూటూ (.22, చిన్న తూటా) రైఫిల్‌ని బెంచ్ మీద ఆనించి కొడతాడు, ఇంకొకడు ఓపెన్ సైట్స్‌తో (స్కోప్ లేకుండా, రైఫిల్ మీదుండే మామూలు గురి గుర్తులతో) నిలబడి కొడతాడు, ఇద్దరికీ ఒకే మార్కులంటే గొడవ కాక ఏమవుద్ది. 100 మీటర్లు పెడదామంటే ఆ చిన్న తూటాని కాస్త గాలి కూడా పక్కకి లాగేస్తది, 50 పెడితే స్కోప్ వాడు 5 తూటాలూ దాదాపు ఒకే బెజ్జంలో దూర్చేసి నవ్వుతాడు (ఆ నవ్వే భరించలేం). వాడికి చిన్న టార్గెట్ ఇవ్వాలా, లేక అందర్నీ నిలబెట్టి టైమ్ పెట్టాలా? వేటలో ఎలాగూ బెంచ్ ఉండదు కదా, నాకైతే రెండోదే కరెక్ట్ అనిపిస్తుంది, కాకపోతే హడావిడిలో ట్రిగ్గర్ మీద వేలు ముందే పోతదేమోనని భయం. టార్గెట్‌గా స్టీల్ ప్లేట్లు వాడేవాళ్లు తూటా ముక్కలు వెనక్కి ఎగరకుండా ఎంత దూరంలో, ఎంత కిందికి వంచి కడుతున్నారో కూడా చెప్పండి.