‘రైట్‌ఫుల్’ అంటే చట్టబద్ధమా, న్యాయమా?

పదాలపిచ్చి: ఒక అనువాదంలో ‘రైట్‌ఫుల్ క్లెయిమ్’కి ‘న్యాయంగా రావలసిన హక్కు’ అని రాశాను. సరిచూసినాయన కొట్టేసి ‘చట్టబద్ధమైన హక్కు’ అని పెట్టాడు. ఏది సరి?

ప్లీడరుగుమాస్తా: రెండోదే. రైట్ అంటే హక్కు. హక్కు ఇచ్చేది చట్టం. ఇందులో చర్చేముంది?

పదాలపిచ్చి: మరి చట్టబద్ధమనడానికి ‘లాఫుల్’ అని వేరే మాట ఎందుకుందండీ? రైట్ అంటే హక్కే కాదు, సబబు కూడా. దొరికిన పర్సు ‘రైట్‌ఫుల్ ఓనర్’కి ఇచ్చామంటే తెలుగులో ‘అసలు సొంతదారుకి’ అంటాం.

కందిచేను: ‘హక్కుదారు’ అంటే పోలేదా?

ప్లీడరుగుమాస్తా: పర్సు ఎవరిదో తేల్చేదీ చట్టమే.

పదాలపిచ్చి: పర్సులో ఆధార్ కార్డు ఉంటే చట్టం దాకా దేనికి?

ప్లీడరుగుమాస్తా: ఆధార్ యాజమాన్యానికి రుజువు కాదు.

కందిచేను: పర్సు వదలండయ్యా.

కృష్ణాతీరం: నాకు 1984లో పెళ్లయింది. 1986 నాటి ఆంధ్రప్రదేశ్ చట్టం ఆడపిల్లలకి పిత్రార్జితంలో పుట్టుకతో వాటా ఇచ్చింది, అప్పటికే పెళ్లయినవాళ్లకి తప్ప. 1987లో పెళ్లయిన మా చెల్లికి వచ్చింది. ఒకే తల్లి కడుపున పుట్టాం. దానిది రైట్‌ఫుల్, నాది కాదా?

ప్లీడరుగుమాస్తా: హిందూ వారసత్వ చట్టానికి 2005లో కేంద్రం చేసిన సవరణలో ఆ పెళ్లి అడ్డు లేదమ్మా. అడగండి.

కృష్ణాతీరం: మావాళ్లు 1998లోనే పంపకాలు రిజిస్టరు చేయించేశారు. 2004 డిసెంబరు 20కి ముందు జరిగినవి కదలవట.

ప్లీడరుగుమాస్తా: అయితే లేనట్టే. క్లెయిమే లేనప్పుడు దానికి విశేషణం ఎందుకు?

పదాలపిచ్చి: అదిగో, నేననేదీ అదే! చట్టం కాదన్నా ఆవిడది...

ప్లీడరుగుమాస్తా: ఆపండి సార్. మా అక్కా ఇదే మాట వాట్సాప్‌లో పంపింది, ‘మై రైట్‌ఫుల్ షేర్’ అని. పెళ్లికి ఎకరం అమ్మారు. అమ్మానాన్నల్ని పదిహేనేళ్లు చూసుకున్నది నేను. ఆస్పత్రుల చుట్టూ తిరిగింది నేను. అప్పుడు ఎక్కడుంది ఈ షేరు?

కృష్ణాతీరం: చూసుకున్నందుకు ఎక్కువ వాటా అని ఏ చట్టంలో ఉంది బాబూ?

ప్లీడరుగుమాస్తా: చట్టంలో ఉండక్కర్లేదు. మనిషన్నవాడికి తెలియాలి.

కందిచేను: 😶

పదాలపిచ్చి: నేను ‘తనకు దక్కాల్సిన’ అని మార్చి పంపాను. ఆయన ఇంకా చూడలేదు.