సిక్ లీవ్, ఈఎల్ (ఎర్న్డ్ లీవ్, అంటే పని చేసి సంపాదించుకునే సెలవు), సీఎల్ (క్యాజువల్ లీవ్) కలిపి ఒకే ఖాతా చేస్తామంటున్నారు. ఒప్పుకోవాలా?

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:
మాది హైదరాబాద్‌లో ఒక మధ్యస్థాయి సర్వీసెస్ కంపెనీ. ఇప్పటిదాకా ఏడాదికి ఈఎల్ 15, సిక్ 12, క్యాజువల్ 12 ఇస్తున్నారు. ఏప్రిల్ నుంచి మూడూ తీసేసి 'ఫ్లెక్సీ లీవ్' పేరుతో మొత్తం 30 రోజులు ఇస్తారట. నెలకు రెండున్నర చొప్పున ఖాతాలో పడతాయి. ఏడాది చివర 10 మాత్రమే మరుసటి ఏడాదికి వెళ్తాయి, మిగతావి పోతాయి. కారణం చెప్పక్కర్లేదు, డాక్టర్ సర్టిఫికెట్ అడగం అని హెచ్‌ఆర్ వాళ్లు మురిసిపోతూ చెప్పారు. వచ్చే వారం టౌన్‌హాల్ మీటింగ్‌లో మా అభిప్రాయం అడుగుతారు. టీమ్‌లో సగం మందికి సంబరం, సగం మందికి గొణుగుడు. నాకు నచ్చలేదు గానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నాను.

పీజీ హాస్టల్ బ్యాచ్:
నేను సంబరపడేవాళ్లలో ఒకడిని. దేవుడి దయ వల్ల జ్వరాలు పెద్దగా రావు. నా సిక్ లీవ్‌లన్నీ ప్రతి డిసెంబర్‌లో గంగలో కలిసిపోతాయి. ఫ్రెండ్ పెళ్లికి రాజమండ్రి వెళ్లాలంటే మేనేజర్‌కు 'కడుపునొప్పి సార్' అని మెసేజ్ పెట్టి, రెండు రోజులు వాట్సాప్ స్టేటస్ పెట్టకుండా దాక్కోవాలి. ఈ నాటకాలు ఎందుకు? నా సెలవు నేను దేనికి వాడుకుంటే వాళ్లకేంటి? ఆరోగ్యంగా ఉన్నందుకు నాకు సెలవులు తగ్గాలా?

పాత పేరోల్:
బాబూ, ముందు కూడిక చూడు. 15, 12, 12 కలిపితే 39. వాళ్లు ఇస్తానంటున్నది 30. 'స్వేచ్ఛ' పేరు చెప్పి 9 రోజులు కోసేశారు.

ఇది కంపెనీ దయ మీద నడిచే లెక్క కూడా కాదు. తెలంగాణ షాప్స్ అండ్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం (1988లో వచ్చిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ చట్టమే) సెక్షన్ 30లో ఉన్న అంకెలివి. ఏడాదిలో 240 రోజులు పని చేసినవాళ్లకు మరుసటి ఏడాది జీతంతో 15 రోజుల సెలవు. అది 60 రోజుల దాకా పోగవుతుంది. జబ్బుకు 12, క్యాజువల్‌గా 12 విడిగా ఉంటాయి. మీ పాత పాలసీ అచ్చంగా ఆ కనీసమే. అంటే కొత్త పాలసీ కనీసం కంటే కిందికి దిగుతోంది.

అసలు మతలబు ఆ '10 మాత్రమే ముందుకు' అన్న వాక్యంలో ఉంది. పోగయ్యే సెలవు కంపెనీ లెక్కల్లో అప్పుగా కూర్చుంటుంది. ప్రతి మార్చిలో దానికి లెక్క కట్టి పక్కన పెట్టాలి. ఏటా చెల్లిపోయే సిక్ లీవ్‌తో ఆ బాధ లేదు. మూడూ ఒకే సంచిలో పోశాక మిగిలిన రోజుల్లో ఈఎల్ ఏది, సీఎల్ ఏది అని ఎవరు తేలుస్తారు? జ్వరంతో పడుకున్న మూడు రోజులు సిక్ నుంచి పోయాయా, మీరు మానేసేటప్పుడు చివరి లెక్క (ఫుల్ అండ్ ఫైనల్)లో డబ్బుగా రావాల్సిన ఈఎల్ నుంచి పోయాయా? టౌన్‌హాల్‌లో ఇదొక్కటి అడగండి చాలు.

పీజీ హాస్టల్ బ్యాచ్:
అంకుల్, ఆ చట్టంలో జబ్బు సెలవు '12 రోజులకు మించకుండా' అని కదా ఉంది? మించకుండా అంటే 12 ఇచ్చి తీరాలని కాదుగా.

పాత పేరోల్:
ఏడాదిలో 12 రోజులు జబ్బు పడినవాడికి 12 ఇవ్వాలనే దాని అర్థం. జబ్బు పడనివాడికి ఇవ్వక్కర్లేదు, అంతే. నువ్వు దాన్ని పెళ్లిళ్లకు వాడుకునే హక్కు అనుకుంటున్నావు. అక్కడే నీకూ నాకూ తేడా.

మైగ్రేన్ మేడమ్:
మీరందరూ రోజులు లెక్కపెడుతున్నారు. నాకు భయం వేసేది వేరే దాని గురించి. సిక్ లీవ్ అంటే నేను అడిగేది కాదు, చెప్పేది. పొద్దున్న తల పగిలిపోతుంటే 'ఈ రోజు రాలేను' అని ఒక లైన్ పంపి ఫోన్ పక్కన పడేస్తాను. ఈఎల్ అయితే ముందు అప్లై చేయాలి, అప్రూవల్ రావాలి, సాఫ్ట్‌వేర్ రిలీజ్ ఉంటే రిజెక్ట్ అవుతుంది. రెండూ కలిపేస్తే ఏ రూల్ నడుస్తుంది? మా పాత ఆఫీసులో కలిపారు. పోర్టల్‌లో ఒకే ఆప్షన్ మిగిలింది, దాని కింద 'రెండు వారాల ముందు దరఖాస్తు చేయవలెను' అని ఉండేది. మైగ్రేన్‌కు రెండు వారాల ముందు ఎలా దరఖాస్తు చేస్తారండీ? నోటీసు లేకుండా తీసుకున్న ప్రతి రోజూ 'అన్‌ప్లాన్డ్' అని ఎర్ర రంగులో కనిపించేది, అప్రైజల్‌లో దాని గురించి అడిగేవారు.

కారణం చెప్పక్కర్లేదన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ నాలాంటి వాళ్లకు ఆ కారణమే రక్షణ. నెలసరి నొప్పులు, థైరాయిడ్, షుగర్ ఉన్నవాళ్లకు సంవత్సరం చివర తిరుపతి వెళ్లడానికి ఒక్క రోజు కూడా మిగలదు. పీజీ హాస్టల్ బ్యాచ్ గారికి 30 రోజులూ విహారమే.

డెలివరీ మేనేజర్:
అటువైపు నుంచి కూడా వినండి. సోమవారం పొద్దున్న నాకు వచ్చే 'ఫీవర్' మెసేజ్‌లలో సగం అబద్ధాలని నాకూ తెలుసు, పంపినవాళ్లకూ తెలుసు. నిజం చెప్పే వీలుంటే రెండు రోజుల ముందే చెబుతారు, నేను వేరేవాళ్లను సర్దుకుంటాను. ఎవరి జబ్బు నిజమో తేల్చే పోలీసు పని నాకొద్దు. 9 రోజులు కోయడాన్ని మాత్రం నేను సమర్థించను.

సంక్రాంతికి భీమవరం:
నెలకు రెండున్నరే పడుతుందంటే జనవరిలో ఖాతాలో ఏముంటుంది? క్యారీ ఫార్వర్డ్ అయిన 10 ఉంటే సరే, లేనివాడు పండక్కి ఊరెళ్లొచ్చాక జలుబు చేసినా ఎల్ఓపీనే (జీతం కోత). ఆ పదితో నెట్టుకొచ్చినవాడు ఆగస్టు, సెప్టెంబర్‌లలో డెంగీ వస్తే దొరికిపోతాడు. ప్లేట్‌లెట్స్ పడిపోయి ఆసుపత్రిలో ఉంటే వారం చాలదు. పండగ క్యాలెండర్‌లో ఉంటుంది. దోమ క్యాలెండర్ చూసి కుట్టదు.

శాన్ హోసే నుంచి:
ఇక్కడ పీటీఓ (అన్ని సెలవులూ కలిపి జీతంతో ఇచ్చే ఒకే ఖాతా) చాలా కంపెనీల్లో మామూలే. కాలిఫోర్నియాలో సంపాదించుకున్న వెకేషన్ జీతంతో సమానం. ఏడాది చివర లాక్కోవడం కుదరదు, ఉద్యోగం మానేస్తే మిగిలిన రోజులకు డబ్బు ఇవ్వాల్సిందే. విడిగా ఉన్న సిక్ లీవ్‌కు అలా ఇవ్వక్కర్లేదు. అందుకని కలిపేస్తే ఇక్కడ ఉద్యోగికి కొంత లాభమే. కొత్త పోగు ఆగేలా గరిష్ఠ పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. పైగా 2024 నుంచి రాష్ట్ర చట్టం ప్రకారం ఏడాదికి కనీసం 40 గంటలు జబ్బుకు వాడుకునే వీలుండాలి, పీటీఓలో కలిపినా ఆ షరతులు తప్పవు. అమెరికా మొత్తానికి మాత్రం ప్రైవేటు ఉద్యోగులకు జీతంతో సిక్ లీవ్ ఇవ్వాలన్న ఫెడరల్ చట్టం లేదు. రాష్ట్రం మారితే కథ మారిపోతుంది.

ఇక మనవాళ్ల సంగతి. ఇండియా ట్రిప్ కోసం ప్రతి ఒక్కరూ రోజులు పిసినారిలా దాచుకుంటారు. జ్వరం వచ్చినా టైలెనాల్ మాత్ర వేసుకుని ఆఫీసుకు వస్తారు. డిసెంబర్‌లో మా ఫ్లోర్ అంతా దగ్గులే. నాన్నకు స్టెంట్ వేస్తారని ఫోన్ వస్తే ఎన్ని రోజులున్నాయో చూసుకుని టికెట్ బుక్ చేసుకునే పరిస్థితి. అందుకే నేను డబ్బు విషయంలో పీటీఓ వైపు, ఆరోగ్యం విషయంలో వ్యతిరేకం. మీ దగ్గర చెల్లిపోయే రూల్ పెట్టి కలుపుతున్నారు కాబట్టి మీకు ఆ డబ్బు లాభం కూడా లేదు.

గేటు దగ్గర టీ:
హౌస్‌కీపింగ్, సెక్యూరిటీ వాళ్ల గురించి ఎవరూ అడగరేం? నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లు ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కిందికి వస్తారు. కట్టిన కంట్రిబ్యూషన్ రోజులు సరిపోతే, డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజుల దాకా జీతంలో 70 శాతం వస్తుంది. వాళ్లకు ఆ సర్టిఫికెట్టే అన్నం పెడుతుంది. 'ఇకపై సర్టిఫికెట్ అక్కర్లేదు' అని వాళ్ల కాంట్రాక్టర్ కూడా మొదలుపెడితే, తీసుకునే అలవాటు పోయి క్లెయిమ్ చేసుకోలేక నష్టపోతారు.

నానక్‌రామ్‌గూడ నైట్‌షిఫ్ట్:
అందరికీ థ్యాంక్స్. నాకు నచ్చనిదేంటో మైగ్రేన్ మేడమ్ పోస్ట్ చదివాక అర్థమైంది. టౌన్‌హాల్‌లో ఇలా అడుగుదామనుకుంటున్నాను. ఈఎల్, సీఎల్ కలిపి 27 చేసి ఫ్లెక్సీ అనండి, ఈఎల్ వాటా 60 దాకా పోగవనివ్వండి. సిక్ 12 మాత్రం విడిగా ఉంచండి, దానికి అప్రూవల్ బటన్ ఉండకూడదు. పీజీ బ్యాచ్ తమ్ముడూ, దీనికి నువ్వు ఒప్పుకుంటావా?

పీజీ హాస్టల్ బ్యాచ్:
27 నా ఇష్టం వచ్చినట్టు వాడుకోనిస్తే ఓకే అన్నా. కానీ ఓటింగ్ పెట్టి, ఎంచుకోవడానికి వాళ్ల 30, పాత పద్ధతి రెండే ఉంటే నేను 30కే వేస్తాను. ముందే చెబుతున్నా.

పాత పేరోల్:
వెయ్యి నాయనా. పెళ్లయ్యాక, పిల్లాడు స్కూల్లో చేరిన మొదటి ఏడాది గడిచాక మళ్లీ ఇక్కడే కలుద్దాం.