మందుల ఆర్డర్లలో ఏది ముందు చూడాలి? ఆ వరస తేల్చడానికి ఒక్కో ఆర్డరుకు మార్కులు ఎలా వేస్తున్నారు?

రాత్రి షిఫ్టులో మా ఆసుపత్రికంతా ఒక్కరే ఫార్మసిస్టు. ఆర్డర్లు స్క్రీన్ మీద వచ్చిన టైమ్ వరసలోనే కనబడతాయి. ‘స్టాట్’ (వెంటనే ఇవ్వాలి) ట్యాగ్‌ని నమ్ముదామంటే పారాసెటమాల్‌కీ అదే పెడుతున్నారు!

ముందుగా ఐసీయూ ఆర్డర్లు పైకి తెచ్చి చూశాం. అక్కడి మామూలు పాంటోప్రజోల్ (ఎసిడిటీ మందు) పైకొచ్చింది. జనరల్ వార్డులో క్రియాటినిన్ 3 దాటిన, అంటే కిడ్నీలు సరిగా పనిచేయని పేషెంటుకు రాసిన వాంకోమైసిన్ (కిడ్నీలను బట్టి డోసు చూసుకోవాల్సిన యాంటీబయాటిక్) కిందే ఉండిపోయింది. తర్వాత ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్ లాంటి హై అలర్ట్ (పొరపాటు జరిగితే పెద్ద హాని చేసే) మందులకు ఎక్కువ మార్కులిచ్చాం. ఇప్పుడు డోసు మారని పాత ఇన్సులిన్ ఆర్డర్లే పైన నిండిపోతున్నాయి.

ల్యాబ్ రిపోర్టులు వేరే సాఫ్ట్‌వేర్‌లో ఉంటాయి, చేత్తోనే చూసుకోవాలి. అందుకే మందు పేరు కాక మూడు అంశాలకు మించి పెట్టుకోలేం. కిడ్నీ పనితీరు ఎలాగూ ఒకటి. లెక్కలోకి తీసుకోవాల్సిన మిగతా రెండూ ఏవైతే మీ దగ్గర పనిచేశాయి?